వెయ్యి అడుగుల కింద ఏముంది?



ఈ సంచికకు వేరే విషయం అనుకుని కాగితాలు ముందేసుకున్నాను. ఇంతలో అవినాశి వైపు నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం అందింది. అది చదివాక మొదట అనుకున్న విషయం మీద మనసు నిలవలేదు. దాన్ని వచ్చేసారికి ఉంచి, ఈసారి ఆ ఉత్తరంలోని ప్రశ్ననే మీ ముందు పెడుతున్నాను. ఆ ప్రశ్న ఆమె ఒక్కరిదే కాదు. నొయ్యల్ నది పొడుగునా, ఆ మాటకొస్తే మన పత్రిక అందే చాలా ఊళ్లలో, ఏదో ఒక వేసవిలో ప్రతి రైతు ఇంటా వచ్చే ప్రశ్నే.

వాళ్లది మూడెకరాల కొబ్బరితోట. మామగారి కాలం నాటి పెద్ద బావి ఎండిపోయి చాలా ఏళ్లయింది. తరువాత వేసిన మొదటి బోరు 450 అడుగులు, రెండోది 850 అడుగులు. ఇప్పుడు ఆ రెండూ అరగంట పోసి ఆగిపోతున్నాయి. ఇంటాయన మూడో బోరు 1,300 అడుగులకు వేయిద్దామంటున్నారు. అమ్మాయి పెళ్లికని దాచిన నగలు బ్యాంకులో పెడితే గాని ఆ డబ్బు సమకూడదు. ఆమె చివర ఇలా రాశారు: "వేయించాలా వద్దా అని మీరు తీర్పు చెప్పనక్కర్లేదు. అంత లోతున నీళ్లుంటాయా ఉండవా, ఎందుకని, అది రాయండి చాలు. మగవాళ్లు కూర్చుని మాట్లాడుకునేటప్పుడు నాకూ చెప్పడానికి ఒక మాట ఉండాలి."

నేను భూగర్భ శాస్త్రం చదివినవాణ్ని కాను. కోయంబత్తూరులో పంపుల ఫ్యాక్టరీలో, తయారైన పంపు ఎంత ఎత్తుకు ఎన్ని నీళ్లు ఎత్తుతుందో పరీక్షించే విభాగంలో ముప్పై ఏళ్లు పనిచేశాను. నీళ్లు పైకి తేవడం గురించి నాకు తెలుసు. నీళ్లు కిందికి ఎలా పోతాయన్నది ఆ తరువాత, తెలిసినవాళ్లను అడిగీ, చదివీ నేర్చుకున్నాను. ఆ సోదరికి జవాబు చెప్పాలంటే ముందు నదితో మొదలుపెట్టాలి.

నొయ్యల్ కొండల్లో పుట్టిన నది. కోయంబత్తూరుకు పడమట, సహ్యాద్రిలో భాగమైన వెళ్లంగిరి కొండల్లో వాగులుగా మొదలవుతుంది. అక్కణ్నుంచి తూర్పుకు తిరిగి కోయంబత్తూరు, తిరుప్పూరు మీదుగా పారి, కరూరు జిల్లాలో నొయ్యల్ అనే ఊరి దగ్గరే కావేరిలో కలుస్తుంది. పొడవు సుమారు 180 కిలోమీటర్లు. దీని పరీవాహక ప్రాంతం సుమారు 3,500 చదరపు కిలోమీటర్లు. వేసవిలో వెళ్లంగిరి ఏడు కొండలూ ఎక్కి స్వామి దర్శనం చేసుకు వచ్చినవాళ్లు మన కుటుంబాల్లో చాలామందే ఉంటారు. అక్కడి అడవినీ, దిగివచ్చాక మైదానంలోని ఎండనూ పక్కపక్కన పెట్టి చూస్తే సంగతి అర్థమవుతుంది. నైరుతి మేఘాలు పడమటి వాలు మీదే బరువు దించుకుంటాయి. కొండకు ఇవతల ఉన్న మైదానానికి మిగిలేది ఎక్కువగా గాలే. కోయంబత్తూరు మైదానంలో ఏడాది మొత్తానికి కురిసేది సగటున 650, 700 మిల్లీమీటర్లు. అందులో పెద్ద భాగం ఆశ్వయుజ కార్తీకాల్లో, ఈశాన్య రుతుపవనంతో వస్తుంది. అంటే ఈ మైదానం పంట పండించుకోవాలంటే తన వాన చాలదు. కొండ వాన దిగి రావాలి, వచ్చింది నిలవాలి.

పాతవాళ్లు ఈ సంగతి బాగా గ్రహించారు. వరద వచ్చినప్పుడు నొయ్యల్ కొన్నాళ్లే ఉరకలు వేస్తుంది. ఆ కొన్నాళ్ల నీటిని పట్టుకోవడానికి నదికి అడ్డంగా చిన్న చిన్న ఆనకట్టలు, వాటి నుంచి కాలువలు, కాలువల చివర చెరువులు కట్టారు. కొండ దిగగానే వచ్చేది చిత్తిరైచావడి ఆనకట్ట. దాని కాలువ నరసాంపతి, కృష్ణాంపతి, సెల్వాంపతి చెరువులకు నీళ్లు తెస్తుంది. పేరూరు పట్టీశ్వరుడి గుడి దాటి నగరంలోకి వస్తే ఉక్కడం పెద్ద చెరువు, వాలాంకుళం, ఇంకా కిందికి పోతే సింగానల్లూరు, సూలూరు చెరువులు. నది పొడుగునా ఇలాంటివి ముప్పైకి పైగా ఉండేవి. ఒకటి నిండితే మిగులు నీరు ఇంకోదానికి పోయేది. చోళ రాజుల కాలం నుంచి వచ్చిన ఏర్పాటని ఇక్కడివాళ్లు చెప్పుకుంటారు. తమిళంలో చెరువును కుళం అంటారు. మన పిల్లలు తెలుగులో మాట్లాడుతూ మధ్యలో "పెద్ద కులం నిండింది" అంటే, కొత్తగా వచ్చిన బంధువులు ఉలిక్కిపడి చూడడం ప్రతి ఇంటా ఉన్న హాస్యమే.

ఆ చెరువులు ఆయకట్టు తడపడానికే కట్టారని మనం అనుకుంటాం. అవి చేసిన రెండో పని కంటికి కనపడదు. చెరువు అడుగు నుంచి నీరు నెమ్మదిగా ఇంకి చుట్టుపక్కల బావుల్లోకి చేరేది. చెరువు కట్ట కింద బావి ఉన్న రైతు కరువులోనూ నిబ్బరంగా ఉండేవాడు. సంబంధం మాట్లాడేటప్పుడు "బావి చెరువు కిందదేనా?" అని పెద్దవాళ్లు అడిగేది ఇందుకే.

ఇప్పుడు నేల కిందికి దిగుదాం. ఇక్కడ పైన కొన్ని అడుగులు నల్లరేగడో ఎర్రమన్నో ఉంటుంది. దాని కింద గడ్డపారకు లొంగే మొరం, పొడిపొడిగా చివికిన రాయి. కొన్నిచోట్ల ఇది 30 అడుగులు, కొన్నిచోట్ల 80, 100 అడుగుల దాకా ఉంటుంది. ఆ కింద గట్టి బండ. నైస్, చార్నకైట్ అని పిలిచే ఈ రాళ్ల వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. ఈ బండకు ఇసుకలాగా నీళ్లు పీల్చుకునే గుణం లేదు. బండలో నీరున్నదంటే, అది పగుళ్లలో ఉండాల్సిందే.

నేల కింద ఎక్కడో పాతాళగంగ పారుతుంటుందనీ, అంత లోతుకు పోతే చాలు తగులుతుందనీ మనలో చాలామంది నమ్మకం. కొబ్బరికాయ అరచేతిలో నిలబెట్టి చోటు చూపేవాళ్లు చెప్పేది కూడా అదే. ఈ రాతి నేలలో అటువంటి గంగ లేదు. చివికిన రాయి ఉన్న పైపొరలో ఒక ఘనమీటరు, అంటే వెయ్యి లీటర్లు పట్టే తొట్టెంత రాయి తీసుకుంటే, అందులోంచి బావిలోకి ఊరివచ్చే నీరు 10 నుంచి 30 లీటర్లు. కింది గట్టిబండలో అంత కూడా ఉండదు. పైగా లోతుకు పోయేకొద్దీ పైనున్న రాతి బరువుకు పగుళ్లు మూసుకుపోతూ వస్తాయి. ఎక్కడో ఒకచోట 900 అడుగుల్లోనో 1,200 అడుగుల్లోనో పగులు తగలదని కాదు. తగులుతుంది. కాని ఆ పగులు ఒక సన్నని గొట్టం లాంటిది. దానికి నీళ్లు పై నుంచే రావాలి. పైపొర ఎండితే ఆ గొట్టమూ ఎండుతుంది.

బోరు వేసిన రోజు నీళ్లు ఇంటి ఎత్తున ఎగజిమ్మి, పసుపు కుంకుమ చల్లి, టెంకాయ కొట్టి, రెండో వేసవికల్లా అదే బోరు గాలి పోయడం మీరు చూసే ఉంటారు. మొదట వచ్చింది ఆ పగుళ్లలో ఎన్నో ఏళ్లుగా నిలవ ఉన్న నీరు. నిలవ తీసేశాక ఏటా ఎంత ఇంకితే అంతే వస్తుంది. బ్యాంకులో అసలు తీసేసిన తరువాత వడ్డీ ఎక్కణ్నుంచి వస్తుంది?

ఇంత లోతుకు మనం ఎలా వచ్చామన్నదానిలో తెలుగువాళ్ల కథ చాలా ఉంది. అది చెప్పుకోవాలి. కొంగునాటి నల్లరేగడి నేలల్లో స్థిరపడిన నాయుళ్లు చెరువు అందని మెట్ట మీద బావులు తవ్వించి పత్తి పండించారు. ఆ బావులు తవ్వి, బండను పగలగొట్టి, రాతి కట్టు కట్టినవాళ్లలో వడ్డెరలు ముఖ్యులు. ఇక్కడ వాళ్లను ఒడ్డర్లు, బోయర్లు అంటారు, కర్ణాటకలో వడ్డరు, భోవి అంటారు, మహారాష్ట్రలో వడార్లంటారు. చాలా ఇళ్లలో మాట మాత్రం తెలుగే. ఎద్దులను వెనక్కీ ముందుకీ నడిపి నీళ్లు తోడే కపిలకు తోలుబాన కావాలి. దాన్ని కుట్టిన అరుంధతీయుల ఇళ్లలోనూ తెలుగే వినపడుతుంది. కపిలను తమిళంలో కవలై అంటారు. ఆ మాటకే దిగులు అని ఇంకో అర్థం ఉంది. అయితే ఆ దిగులుకు ఒక హద్దు ఉండేది. ఎద్దుల జత ఎంత లోతు నుంచి, రోజుకెంత లాగగలదో అంతే నీరు బయటికి వచ్చేది. రాత్రి ఎద్దులు పడుకుంటే బావి ఊరేది.

1930ల్లో నీలగిరుల్లోని పైకారా నుంచి జలవిద్యుత్తు కోయంబత్తూరుకు వచ్చింది. మిల్లులు వచ్చాయి, మోటార్లు వచ్చాయి. కలంగల్ గ్రామంలో తెలుగింట పుట్టిన జి.డి. నాయుడు, టెక్స్‌టూల్ బాలసుందరం నాయుడు కలిసి 1937లో తయారుచేసిన మోటారు దేశంలో తొలి ఎలక్ట్రిక్ మోటార్లలో ఒకటి. పి.ఎస్.జి. కుటుంబం 1926లో నెలకొల్పిన ధర్మసంస్థ కింద నడిచిన శిక్షణాలయాలూ, కార్ఖానాలూ ఎందరికో పని నేర్పాయి. దేశమంతా పొలాల్లో తిరిగే పంపుల్లో ఎంతో భాగం ఈ ఊళ్లోనే తయారవుతుంది. ఇందులో గర్వపడాల్సింది ఎంతో ఉంది. నేనూ ఆ అన్నం తిన్నవాణ్నే. కాని ఎద్దుల జత పెట్టిన హద్దు మోటారుకు లేదు. తమిళనాడులో 1990 నుంచి రైతుల పంపుసెట్లకు కరెంటు ఉచితం కాబట్టి బిల్లు రూపంలో వచ్చే హెచ్చరిక కూడా లేకపోయింది. నేను పనిలో చేరినప్పుడు 80, 100 అడుగుల నుంచి ఎత్తే పంపులు పరీక్షించేవాళ్లం. పని మానే నాటికి వెయ్యి అడుగుల పంపులు వరసగా వస్తున్నాయి. తిరుచెంగోడు నుంచి బయలుదేరే బోరు లారీలు దక్షిణాదిలో తిరగని తాలూకా లేదు. పంపు నేమ్‌ప్లేటు మీది అంకె పెరుగుతూ పోవడం చూసినవాడికి, నీళ్లు దిగిపోతున్నాయని వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇక ఆ సోదరి తోటకు లెక్క వేద్దాం. పెద్ద చదువు అక్కర్లేని లెక్క ఇది. ఏడో తరగతి పిల్లలు కూడా వేయగలరు.

ఎకరమంటే 4,047 చదరపు మీటర్లు. 650 మిల్లీమీటర్ల వాన పడితే ఆ ఎకరం మీద పడే నీరు సుమారు 26 లక్షల లీటర్లు. చాలా అనిపిస్తుంది. కాని ఎక్కువ భాగం ఎండకూ, చెట్టూ చేమకూ, వాగుకూ పోతుంది. ఇటువంటి రాతి నేలలో లోపలికి ఇంకేది పదో వంతు అనుకోండి, అదీ ఉదారంగానే. అంటే ఏటా 2 లక్షల 60 వేల లీటర్లు. అదే ఆ ఎకరానికి వచ్చే వడ్డీ. ఖర్చు చూద్దాం. ఎకరానికి 70 కొబ్బరి చెట్లు, చెట్టుకు రోజుకు 80 లీటర్లు, వాన లేని 250 రోజులు. మొత్తం 14 లక్షల లీటర్లు. అంటే ఒక ఎకరం కొబ్బరి, అయిదు ఎకరాలకు పైగా ఇంకిన నీటిని తాగుతుంది. మూడెకరాల తోటకు పదహారు ఎకరాల వాన కావాలి. మిగతా పదమూడు ఎకరాలూ ఎవరివి? చుట్టుపక్కలవాళ్లవి. వాళ్లకూ తోటలున్నాయి, వాళ్లూ బోర్లు వేశారు. అందరూ ఒకే కుండలో గరిటె ముంచుతున్నారు. ఒకరు గరిటె కాడ పొడుగు చేస్తే ఇంకొకరు ఇంకా పొడుగు చేస్తున్నారు. కుండ మాత్రం అదే.

ప్రభుత్వం వారు భూగర్భజలాలు లెక్కకట్టేటప్పుడు, ఏటా ఇంకినదానిలో 70 శాతం లోపు తోడే చోటును సురక్షితమనీ, 100 శాతం దాటితే అతిగా తోడిన ప్రాంతమనీ గుర్తిస్తారు. కోయంబత్తూరు, తిరుప్పూరు జిల్లాల్లో చాలా ఫిర్కాలు ఈ చివరి వరసలోవే.

కరెంటు లెక్క కూడా చెప్తాను, అది నా వృత్తి. వెయ్యి లీటర్ల నీటిని 50 అడుగుల బావి నుంచి ఎత్తడానికి యూనిట్‌లో పదో వంతు కరెంటు చాలు. అదే వెయ్యి అడుగుల నుంచి అయితే సుమారు రెండు యూనిట్లు. ఉచితం కాబట్టి మనకు తెలియడం లేదు. కాని మోటారు కాలినప్పుడు, పైపులు బయటికి తీయడానికి బండి పిలిచినప్పుడు ఆ లోతు ధర మన చేతినుంచే పోతుంది.

అమ్మా, మీరడిగిన మాట ఇదిగో. అంత లోతున నీళ్లు అసలుండవని ఎవరూ ప్రమాణం చేయలేరు, తగలవచ్చు. అయితే తగిలినా అవి కొత్త నీళ్లు కావు. మీ రెండో బోరుకూ, పక్కవారి బోర్లకూ వచ్చే నీటికే ఇంకో దారి. అందుకని నగలు బ్యాంకులో పెట్టి వేసే పందెం కాదిది. "తగిలితే ఎన్నేళ్లు వస్తుంది? ఆ నీరు ఎక్కణ్నుంచి రావాలి?" అని మీరు అడగండి. బోరు బండివాడి దగ్గర గాని, టెంకాయ పట్టినవారి దగ్గర గాని ఈ రెండు ప్రశ్నలకు జవాబు ఉండదు. మీ ఇంటాయన ఆలోచనాపరులని మీ ఉత్తరాన్ని బట్టే తెలుస్తోంది. తోట ఎండిపోతుంటే చూస్తూ కూర్చోలేక అంటున్న మాట అది. ఆయన బాధ అబద్ధం కాదు.

మరి ఏం చేయాలి అంటారు. మొదటిది, ఆ పాత బావిని పూడ్చనివ్వకండి. చాలామంది ఇలాంటి బావుల్లో చెత్త పోసి, పైన మన్ను కప్పి, షెడ్డు వేసేస్తున్నారు. మామగారు చివికిన రాయి దాకా తవ్వించిన ఆ బావి, నీళ్లు తోడడానికి పనికిరాకపోయినా నీళ్లు దించడానికి పనికొస్తుంది. అడుగున పూడిక తీయించి, పొలంలో పారే వాననీటిని ముందు ఒక గుంటలోకి మళ్లించి, ఆ గుంటలో పెద్దరాళ్లు, కంకర, ఇసుక వరసగా పోసి, వడగట్టిన నీరు మాత్రమే బావిలోకి పోయేలా పైపు పెట్టించాలి. ఇంటి కప్పు నీళ్లయితే ఇంకా మంచిది. 2003లో తమిళనాడు ప్రభుత్వం ప్రతి ఇంటికీ వాననీటి సేకరణ తప్పనిసరి చేసినప్పుడు అందరం పైపులు పెట్టించాం. వాటిలో ఇప్పుడు ఎన్ని ఆకులతో పూడిపోయి ఉన్నాయో మెట్లెక్కి చూడండి.

రెండోది, ఖర్చు తగ్గించడం. చెట్ల పాదుల్లో కొబ్బరి పీచు, మట్టలు పరిచి, డ్రిప్పు పెట్టి, ముసలి చెట్లను తీసేసి, ఉన్న నీటికి తగినన్ని చెట్లే ఉంచుకోవడం. చెట్టు కొట్టమని రాయడానికి నాకూ చేయి రాదు. కాని అన్నీ సగం ఎండడం కంటే సగం పచ్చగా నిలవడం నయం.

మూడోది, కొలవడం. 2003 తరువాత కొన్నేళ్లపాటు అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల్లో రైతులే భూగర్భజలాలను నిర్వహించుకునే పథకం ఒకటి నడిచింది. ఆడవాళ్లూ మగవాళ్లూ తమ ఊరి వాన తామే కొలిచి, బావుల్లో నీటిమట్టం తామే కొలిచి, రబీ పంట వేసే ముందు ఊరంతా కూర్చుని, ఉన్న నీరెంత, వేయదలచిన పంటలకు కావలసిందెంత అని బడ్జెట్ వేసుకునేవారు. వేయవద్దని ఎవరూ ఎవరినీ శాసించలేదు. అంకె కళ్లముందు కనపడ్డాక చాలామంది వరి తగ్గించి తక్కువ నీటి పంటలకు మారారు. పక్క తోటలవాళ్లు నలుగురితో మీ ఇంటాయన ఈ మాట ఒకసారి కదిపితే, ఆ కూడిక మూడో బోరు కంటే విలువైనది.

బావిలోకి నీళ్లు పంపేటప్పుడు ఒక హెచ్చరిక. మురుగు, ఎరువుల నీరు, ఫ్యాక్టరీ నీరు ఒక్క చుక్క కూడా పోనీయకూడదు. రాతి పగుళ్లలోకి పోయినదాన్ని కడిగే చేయి లేదు. ఇది తెలియాలంటే నొయ్యల్ దిగువకే పోయి చూడాలి. తిరుప్పూరు బనియన్ల వ్యాపారం పెరిగి, వందల అద్దకం, బ్లీచింగ్ కార్ఖానాలు ఉప్పు, రంగు నిండిన నీటిని నదిలోకి వదిలాయి. పొలాలకు నీళ్లివ్వడానికి 1990ల మొదట్లో కట్టిన ఒరత్తుపాళయం జలాశయం ఆ మురికి నిలవ చేసే తొట్టె అయిపోయింది. చివరికి ఆ నీరు మాకు వద్దు, జలాశయంలో నిలపవద్దు అని రైతులే కోర్టుకెక్కారు. నీళ్లు వద్దని రైతు కోర్టుకెక్కడం ఎంత విడ్డూరమో ఆలోచించండి. చుట్టుపక్కల బావులు ఉప్పెక్కాయి. మద్రాసు హైకోర్టు బయటికి ఒక చుక్క కూడా వదలకూడదని 2006లో ఆదేశించి, అమలు కాకపోయేసరికి 2011 జనవరిలో కార్ఖానాలన్నిటినీ మూయించింది. తరువాత నీటిని శుద్ధి చేసి మళ్లీ వాడుకునే ఏర్పాట్లతో ఒక్కొక్కటిగా తెరుచుకున్నాయి. కార్ఖానా ఒక్కరోజులో మూయవచ్చు. బావి అంత త్వరగా తియ్యబడదు.

మంచి జరుగుతున్న సంగతులూ చెప్పాలి. 2003లో మొదలైన సిరుతుళి అనే సంస్థ, ఇతర స్వచ్ఛంద కార్యకర్తలు, నగరపాలక సంస్థ కలిసి కోయంబత్తూరు చెరువుల్లో పూడిక తీయించారు. 2013లో ఉక్కడం పెద్ద చెరువులో ఆదివారాలు తట్టా పారా పట్టుకుని దిగినవాళ్లలో మన సంఘాల పిల్లలూ ఉన్నారు. అరవై ఏళ్లకు పైగా అడుగుతూ వచ్చిన అత్తికడవు–అవినాశి పథకం 2024 ఆగస్టులో ప్రారంభమైంది. 1,916 కోట్ల రూపాయలతో, భవానీ నదిలో మిగులుగా పోయే 1.5 టి.ఎం.సి. నీటిని కాళింగరాయన్ ఆనకట్ట దిగువ నుంచి పంపులతో ఎత్తి, ఈరోడు, తిరుప్పూరు, కోయంబత్తూరు జిల్లాల్లో 1,045 చెరువులు, కుంటలు నింపాలన్నది దాని ఉద్దేశం. ఆ సోదరి ఊరి కుంట ఈ జాబితాలో ఉందేమో వాళ్లు పంచాయతీలో కనుక్కోవాలి. ఉంటే, కుంట కాలువకు ఎవరూ అడ్డం కట్టకుండా, అడుగున పూడిక పేరుకోకుండా చూసుకోవడం ఊరి పని. అయితే ఆ నీరు భవానీకి మిగులు ఉన్న ఏడే వస్తుంది. దాని మీద భరోసాతో మళ్లీ కొత్త తోటలు వేస్తే కథ మొదటికే వస్తుంది.

ఇతర రాష్ట్రాల్లో ఉన్న మనవాళ్లు ఇది కోయంబత్తూరు గొడవ అని పేజీ తిప్పేయకండి. కోలారులో ఉన్నవాళ్లది ఇదే రాతి నేల. 2018 నుంచి బెంగళూరు మురుగును శుద్ధి చేసి అక్కడి చెరువులకు పంపుతున్నారు. బావుల్లో మట్టం పెరిగిందన్న సంతోషమూ, ఆ నీటి నాణ్యత మీద అనుమానమూ రెండూ అక్కడ వినిపిస్తాయి. షోలాపూరు పద్మశాలి కుటుంబాల ఇళ్ల కింద ఉన్నది నల్లని బసాల్టు. అక్కడా నీరు పొరల సందుల్లోనూ పగుళ్లలోనే. ఒరిస్సాలో రాయగడ, గుణుపురం వైపు ఉన్నవాళ్లు నాగావళి, వంశధార నదుల ఎగువన ఉన్నారు. అక్కడి కొండవాలు అడవి పోతే ముందు ఎండేది మీ ఊటలు, తరువాత ఎండేది దిగువన శ్రీకాకుళం బావులు. యానాం వారి సంగతి పూర్తిగా వేరు. గోదావరి ఒండ్రు మీద ఉన్నారు కాబట్టి బండ బాధ లేదు, కాని అక్కడ మంచినీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. అతిగా తోడితే, లోతుకు పోతే, వచ్చేది ఉప్పే. నేల ఏదైనా ముందు దాని స్వభావం తెలుసుకుని ఆ తరువాత పంపు కొనాలి. పంపులు అమ్ముకుని బతికిన ఊరివాడు చెప్తున్నాడు కాబట్టి ఈ మాట కాస్త నమ్మవచ్చు.

చివరగా పాఠకులకు ఒక చిన్న పని. మీ ఇంట్లోగాని, మీ తోటలోగాని తెరిచి ఉన్న బావి ఉంటే, ఒక తాడుకు రాయి కట్టి, అంచు నుంచి నీళ్లు తగిలే దాకా ఎన్ని అడుగులో కొలవండి. తాడు పట్టుకోవడానికి పిల్లల్ని పిలవండి, కాని గట్టు దగ్గర చేయి వదలకండి. ఒకసారి దీపావళి వానలు వెలిసిన తరువాత, ఇంకోసారి ఉగాది తరువాత కొలిచి, ఊరి పేరుతో, తేదీతో రెండు అంకెలూ పోస్టుకార్డు మీద రాసి సంఘం ఆఫీసుకు పంపండి. ఎండిన బావి అయితే ఏ ఏట ఎండిందో పెద్దలనడిగి రాయండి. వచ్చిన అంకెలన్నీ రాష్ట్రాలవారీగా పట్టిక వేసి ఇదే పేజీలో ప్రచురిస్తాను. అవినాశి సోదరి ఇంట్లో ఏ నిర్ణయం జరిగినా, తన బావి కొలత పంపడం మాత్రం మరవవద్దని ఆమెను ప్రత్యేకంగా కోరుతున్నాను.